ఎడమ మూలన చిన్న బాణం

ఏ ఊళ్లోనైనా కాలేజీ గేటు ఎదుట జిరాక్స్ షాపులో కాసేపు నిలబడితే ఈ తంతు కంటబడుతుంది. ప్రాజెక్టు రిపోర్టు ఇవ్వడానికి ఆ రోజే ఆఖరు. కుర్రాడు పెన్‌డ్రైవ్ అందిస్తాడు. షాపాయన దాన్ని కంప్యూటర్‌కి పెట్టి, ఫైలు మీద రెండుసార్లు నొక్కి, పెదవి విరుస్తాడు. ‘‘ఇందులో రిపోర్టు లేదు తమ్ముడూ, ఒట్టి షార్ట్‌కట్టే తెచ్చావు.’’ ‘‘అదేంటన్నా, పొద్దున కూడా ఇంట్లో తెరిచి చూసుకున్నాను కదా!’’ ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఫైలు పేరు అదే, పక్కన బొమ్మ అదే, ఇంట్లో తెరుచుకున్న మాటా వాస్తవమే. సైజు అన్నచోట మాత్రం 1 కేబీ అనో 2 కేబీ అనో ఉంటుంది. ఎనభై పేజీల రిపోర్టు, అందులోని బొమ్మలు, గ్రాఫులు అంత చోటులో ఇమడవు. అసలు ఫైలు ఇంట్లో కంప్యూటర్లోనే, ఏ ‘డి’ డ్రైవ్ లోపలో భద్రంగా ఉంది. పెన్‌డ్రైవ్‌లో ప్రయాణం చేసి వచ్చింది దాని చిరునామా.

తప్పు ఎవరిదంటే, చూసుకోకుండా తెచ్చినవాడిదే అనేయడం లోకరీతి. ‘వాడికి కంప్యూటర్ సరిగా రాదు’ అన్న ఒక్క మాటతో ఎంతమంది తప్పులు కప్పబడిపోతాయో! కాస్త లోపలికి వెళ్లి చూస్తే, ఆ షార్ట్‌కట్‌ను ఎక్కడ అసలు ఫైలుగా లెక్కవేయాలి, ఎక్కడ షార్ట్‌కట్‌గానే ఉంచాలి అన్న విషయంలో సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్లకే ఏకాభిప్రాయం లేదని తెలుస్తుంది. వాళ్లు తేల్చుకోని సంగతిని ఆ కుర్రాడు తేల్చుకోలేదని నిందించడం న్యాయం కాదు.

విండోస్‌లో షార్ట్‌కట్‌లు 1995లో, విండోస్ 95తో వచ్చాయి. అంతకు నాలుగేళ్ల ముందే యాపిల్ తన సిస్టమ్ 7లో ‘ఏలియాస్’ పేరుతో ఇలాంటిదే తెచ్చింది. యూనిక్స్ లోకంలో అయితే 1983 నాటి 4.2 బీఎస్‌డీలోనే ‘సింబాలిక్ లింక్’ ఉంది. మూడింటి ప్రయోజనం ఒకటే: ఒకచోట ఉన్న ఫైలును కదపకుండా మరోచోట నుంచి అందుకోవడం. పనిచేసే తీరులోనే తేడా. యూనిక్స్ లింకు సంగతి సిస్టమ్‌కు మూలమైన కెర్నల్‌కే తెలుసు. మామూలుగా ఏ ప్రోగ్రాము అడిగినా అది అసలు ఫైలునే తెరిచి ఇస్తుంది. విండోస్ షార్ట్‌కట్ అలా కాదు. అది అచ్చంగా ఒక మామూలు ఫైలు. ముందు 76 బైట్ల శీర్షిక, ఆ తర్వాత గమ్యం చిరునామా, చూపించాల్సిన బొమ్మ ఎక్కడుందో, అలాంటి వివరాలు. డెస్క్‌టాప్‌ను నడిపే ఎక్స్‌ప్లోరర్‌కు అది షార్ట్‌కట్ అని తెలుసు. మిగతా ప్రోగ్రాములకు ఎవరో ఒకరు చెబితేనే తెలుస్తుంది. చెప్పకపోతే వాటికది అర్థంకాని అక్షరాల ముద్ద.

ఆ ఫైలు పేరుకు ‘డాట్ ఎల్‌ఎన్‌కె’ అనే తోక ఉంటుంది. చాలామంది దాన్ని చూసి ఉండరు. ఫైళ్ల తోకలన్నీ చూపించమని సెట్టింగు మార్చినా ఇది కనబడదు. దీన్ని ఎన్నడూ చూపవద్దని విండోస్ సెట్టింగుల పట్టీ అయిన రిజిస్ట్రీలో ప్రత్యేకంగా రాసిపెట్టారు. పైగా అసలు ఫైలుకున్న బొమ్మనే తెచ్చి దీనికీ తగిలించారు. మొదట్లో పేరుకు ముందు ‘షార్ట్‌కట్ టు’ అని చేర్చేవారు; విండోస్ విస్టా నాటికి ‘షార్ట్‌కట్’ అన్న మాట పేరు చివరికి జరిగింది. పేరు పొడవైతే ఐకాన్ కింద ఆ చివరి మాటే ముందుగా మాయమవుతుంది. ఇక తేడా పట్టుకోవడానికి మిగిలింది ఎడమ పక్క కింది మూలన చిన్న బాణం. చందమామ కావాలని మారాం చేసిన బాలరాముడి చేతికి అద్దం ఇచ్చి ఊరుకోబెట్టిన కథ మనకు తెలిసిందే. ఆరుబయట ఉన్నంతసేపూ ఆ అద్దంలో చందమామ ఉంటాడు. ఇంట్లోకి తీసుకెళితే ఒట్టి అద్దమే. పెన్‌డ్రైవ్‌లో వచ్చింది అదే.

ఇక డైలాగ్ బాక్సుల సంగతి. ఏ ప్రోగ్రాములోనైనా ‘ఓపెన్’ అనగానే ఫైళ్ల జాబితాతో ఒక చిన్న కిటికీ వస్తుంది. అందులో షార్ట్‌కట్‌ను ఎంచుకున్నామనుకుందాం. ప్రోగ్రాము చేతికి ఏది అందాలి? అసలు ఫైలే, ఇందులో అడగడానికేముంది అనిపిస్తుంది. ఉత్తరం రాసుకునేవాళ్లకు, ఫొటో చూసుకునేవాళ్లకు అదే సరి. కానీ డెస్క్‌టాప్‌ను ఉన్నది ఉన్నట్టు బ్యాకప్ తీసే ప్రోగ్రాముకు షార్ట్‌కట్టే కావాలి. లేకపోతే పది ఐకాన్లు దాచమంటే వాటి వెనకున్న ఫోల్డర్లన్నీ మోసుకొస్తుంది. అనుమానంగా ఉన్న షార్ట్‌కట్‌ను పరీక్షించే యాంటీవైరస్‌కూ అదే కావాలి. అందుకే విండోస్ తన ఉమ్మడి డైలాగులో రెండు దారులూ ఉంచింది. ప్రోగ్రామర్ ఏమీ చెప్పకపోతే అసలు ఫైలు పేరు ఇస్తుంది. ‘లింకు వెంట వెళ్లవద్దు’ అన్న ఫ్లాగ్ పెడితే షార్ట్‌కట్ పేరే ఇస్తుంది. ఇంతవరకు పద్ధతిగానే ఉంది.

చిక్కు ఆ తర్వాత మొదలైంది. డాట్‌నెట్‌లో ప్రోగ్రాములు రాసేవాళ్ల కోసం మైక్రోసాఫ్ట్ 2002లో విండోస్ ఫార్మ్స్, 2006లో డబ్ల్యూపీఎఫ్ అని రెండు పనిముట్ల పెట్టెలు ఇచ్చింది. రెండింటిలోనూ ఈ ఎంపికకు ‘డీరెఫరెన్స్ లింక్స్’ అనే ఒకటే పేరు. ముట్టుకోకుండా వదిలేస్తే మొదటి పెట్టెలో దాని విలువ ‘అవును’. రెండో పెట్టె వచ్చినప్పుడు అందులో ‘కాదు’. కంపెనీ ఒకటే, సెట్టింగు పేరు ఒకటే, చూడటానికి తెర మీద వచ్చే కిటికీ కూడా దాదాపు ఒకటే. ఒకదాంట్లో షార్ట్‌కట్ ఎంచుకుంటే రిపోర్టు తెరుచుకుంటుంది. మరోదాంట్లో ఎంచుకుంటే ‘ఈ ఫైలు ఫార్మాట్ గుర్తించలేకపోతున్నాం’ అన్న ధోరణిలో ఓ నిష్ఠూరం వస్తుంది. ఫలానా ప్రోగ్రామును ఏ పెట్టెలోని పనిముట్లతో కట్టారో కనిపెట్టి, దాన్ని బట్టి నడుచుకునే జ్ఞానం మామూలు మనిషికి ఎక్కణ్ణుంచి వస్తుంది?

సొంత డైలాగులు గీసుకునే సాఫ్ట్‌వేర్లు మరికొన్ని. వాటి జాబితాలో షార్ట్‌కట్ అసలు కనబడకపోవచ్చు, లేదా దాచిపెట్టిన తోకతో సహా బయటపడి, ఇదేమిటి కొత్త ఫైలు అని బెదరగొట్టవచ్చు. వేర్వేరు సిస్టమ్‌ల మీద నడిచే ప్రోగ్రాములకు వాడే ‘క్యూటీ’ అయితే చాలాకాలం విండోస్ షార్ట్‌కట్‌ను, యూనిక్స్ లింకును ఒకే గాటన కట్టి రెండింటినీ ఒకే పేరుతో పిలిచింది. అవి వేరువేరని చెప్పగలిగే ఏర్పాటు తర్వాత చేర్చుకుంది. ఫైళ్లు మూటకట్టే పనిముట్లలోనూ ఇదే వరస. యూనిక్స్‌లో ‘టార్’ లింకును లింకుగానే మూటలో పెడుతుంది, ‘జిప్’ దాని వెంట వెళ్లి అసలు ఫైలును పెడుతుంది. రెండింటికీ రెండోవిధంగా చేయించే మీటలున్నాయి. అవి ఉన్నాయని తెలియాలంటే మాన్యువల్ చదవాలి. మాన్యువల్ ఎవరు చదువుతారు?

ఫోల్డరుకు పెట్టుకున్న షార్ట్‌కట్ ముచ్చట ఇంకా బాగుంటుంది. డెస్క్‌టాప్ మీద ‘పెళ్లి ఫొటోలు’ అని ఒకటి ఉందనుకోండి. ఓపెన్ డైలాగులో దాని మీద నొక్కి లోపలికి వెళ్లాం. మనకు కావలసిన ఫొటో అక్కడ లేదు. ‘పైకి’ అన్న బాణం నొక్కాం. వచ్చిన చోటికే, అంటే డెస్క్‌టాప్‌కే తిరిగి వెళతామని అనుకుంటాం. తేలేది మాత్రం అసలు ఫోల్డరు ఉన్నచోట. ఏ ‘డి’ డ్రైవ్‌లోనో, ‘2019 పాతవి’ లోపలో. పక్కనే ‘వెనక్కి’ అన్న మరో బాణం ఉంటుంది. అది మాత్రం డెస్క్‌టాప్‌కే చేరుస్తుంది. మామూలు ఫోల్డర్ల దగ్గర ఈ రెండు బాణాలూ చాలాసార్లు ఒక్కచోటికే తీసుకెళతాయి గనక తేడా ఎవరికీ పట్టింపు కాదు. షార్ట్‌కట్ గుండా లోపలికి వెళ్లినప్పుడే వాటి దారులు విడిపోతాయి.

‘పైకి’ అంటే ఎక్కడికి అన్న ఈ ప్రశ్న చిన్నదేమీ కాదు. ఒక ఇంటికి పెరటి దారిన వచ్చినవాడికి ‘వీధిలోకి వెళ్లు’ అంటే ఏ వీధి అన్నంత చిక్కుంది ఇందులో. యూనిక్స్‌లో పై ఫోల్డరుకు రెండు చుక్కలు గుర్తు. లింకు గుండా ఒక ఫోల్డర్లోకి వెళ్లి, ఫోల్డరు మార్చే ‘సీడీ’ ఆదేశంతో రెండు చుక్కలు కొడితే, ఆదేశాలు అందుకునే బాష్ షెల్ మనల్ని వచ్చిన దారినే వెనక్కి తెస్తుంది. ఆ ఫోల్డర్లోనే ఉండి, జాబితా చూపే ‘ఎల్ఎస్’ ఆదేశంతో అవే రెండు చుక్కలు కొడితే అసలు ఫోల్డరుకు పైనున్న జాబితా చూపిస్తుంది. పక్కపక్క వరుసల్లో, ఒకే గుర్తుకు, రెండు అర్థాలు. బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ తర్వాతి తరంగా ప్లాన్ 9ను తయారుచేసినవాళ్లలో ఒకరైన రాబ్ పైక్ 2000 సంవత్సరంలో అచ్చంగా ఈ రెండు చుక్కల సమస్య మీదే ఒక పరిశోధన పత్రం రాశారు. ప్లాన్ 9లో సింబాలిక్ లింకులే లేవు. అయినా ఒక ఫోల్డరును మరోచోట అతికించే వీలుండటంతో అదే చిక్కు అక్కడా వచ్చింది. మనం ఏ పేరుతో లోపలికి వెళ్లామో ఆ పేరును సిస్టమే గుర్తుంచుకోవాలన్నది ఆయన చూపిన పరిష్కారం. మనిషి నడిచి వచ్చిన దారికి విలువ ఇవ్వడం అందులో కనిపిస్తుంది. మన డైలాగ్ బాక్సులు చాలావరకు ఆ దారిని లెక్కచేయవు.

సేవ్ చేసేటప్పుడు కథ మరో మలుపు తిరుగుతుంది. డెస్క్‌టాప్ మీది షార్ట్‌కట్ నొక్కి ఒక ఉత్తరం తెరిచి, మార్చి, ‘సేవ్ యాజ్’ అని కొత్త పేరు పెడితే, ఆ కొత్త ఫైలు చాలాసార్లు డెస్క్‌టాప్ మీదికి రాదు. పాత ఫైలు అసలు ఉన్నచోటే కూర్చుంటుంది. ‘ఇప్పుడే సేవ్ చేశాను, ఎక్కడికి పోయింది’ అన్న కేక ఆఫీసుల్లో తరచుగా వినపడేది ఇందుకే. యూనిక్స్ లింకుల దగ్గర ఇంకో ప్రమాదముంది. కొన్ని ఎడిటర్లు మధ్యలో కరెంటు పోయినా పాత ప్రతి చెడిపోకూడదని, ముందు కొత్త ఫైలు రాసి, ఆ తర్వాత పాతదాని పేరు దానికి తగిలిస్తాయి. మంచి జాగ్రత్తే. కానీ ఆ పేరు లింకుదైతే, లింకు చెరిగిపోయి దాని స్థానంలో కొత్త ఫైలు వచ్చి కూర్చుంటుంది. అసలు ఫైలు పాత రాతతోనే ఎక్కడో మిగిలిపోతుంది. ‘విమ్’ ఎడిటర్లో లింకును నిలపాలా తెంచాలా అని నిర్ణయించే సెట్టింగే ఉంది. ‘సెడ్’ అనే యూనిక్స్ పనిముట్టుతో ఫైలును ఉన్నచోటే మార్చమంటే అది మామూలుగా లింకును తెంచేస్తుంది.

షార్ట్‌కట్‌ల విషయంలో మ్యాక్ కాస్త మర్యాదస్తురాలు. సిస్టమ్ 7 ఏలియాస్ పేర్లను వాలు అక్షరాల్లో చూపేది, దాంతో జాబితాలోనే తేడా కంటికి తగిలేది. అసలు ఫైలును వేరే ఫోల్డరుకు జరిపినా, పేరు మార్చినా ఏలియాస్ దాన్ని పట్టుకోగలిగేది. ఇప్పటి మ్యాక్ ఓపెన్ డైలాగు కూడా, వద్దని చెబితే తప్ప, ఏలియాస్ వెంట అసలు ఫైలు దగ్గరికే వెళుతుంది. అయితే 2001లో మ్యాక్ ఓఎస్ టెన్ యూనిక్స్ పునాది మీద లేచాక ఆ ఇంట్లో ఏలియాస్, సింబాలిక్ లింకు ఇద్దరూ కాపురం పెట్టారు. ఫైండర్లో ఇద్దరికీ అదే బాణం. ఆదేశాలు టైపు చేసే టెర్మినల్లోని పనిముట్లు మాత్రం సింబాలిక్ లింకునే గుర్తుపడతాయి.

మన జిరాక్స్ షాపు సమస్యకు అసలు పుట్టుక వేరే మెనూలో ఉంది. విండోస్‌లో ఫైలు మీద రైట్ క్లిక్ చేస్తే ‘సెండ్ టు’ అని వస్తుంది. దానిలో వరసగా కొన్ని గమ్యాలు. పెన్‌డ్రైవ్‌ను ఎంచుకుంటే ఫైలు నకలు అక్కడికి వెళుతుంది. డెస్క్‌టాప్‌ను ఎంచుకుంటే షార్ట్‌కట్ వెళుతుంది. మెనూ ఒకటే, ‘పంపు’ అన్న క్రియ ఒకటే; ఒకచోటికి వస్తువును పంపుతుంది, మరోచోటికి దాని గుర్తును పంపుతుంది. బ్రాకెట్‌లో చిన్నగా ‘షార్ట్‌కట్ తయారుచేయి’ అని రాసి ఉంటుందన్నది నిజమే. కానీ ఆ వరసను రోజూ వాడే చేతికి కళ్లతో పనుండదు. నిన్న డెస్క్‌టాప్‌కు ‘పంపిన’ ఫైలును ఇవాళ పెన్‌డ్రైవ్‌కు ‘పంపుతాడు’. రెండోసారి నిజంగానే నకలు వెళుతుంది, షార్ట్‌కట్ నకలు. యంత్రం దృష్టిలో రెండుసార్లూ చెప్పింది చెప్పినట్టు జరిగింది. ఈ మెనూను ఇలా అమర్చినవాళ్లకు కుర్రాడి కంటే ఎక్కువ మందలింపే పడాలని మా అభిప్రాయం.

తుడిచేసే దగ్గర మాత్రం విండోస్ ఒకప్పుడు బుద్ధిగా ప్రవర్తించింది. ప్రోగ్రాము షార్ట్‌కట్‌ను చెత్తబుట్టలో వేస్తే, ‘దీనివల్ల ఐకాన్ మాత్రమే పోతుంది, ప్రోగ్రాము పోదు’ అని విండోస్ ఎక్స్‌పీ చెప్పేది. ఆ ఒక్క వాక్యం ఎంతమందికి పాఠం చెప్పిందో! విస్టా మాత్రం ఇంకో వింత చేసింది. ‘డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్’ అన్న పాత ఫోల్డరు పేరుతో, పాత ప్రోగ్రాముల కోసం, కొత్త ‘యూజర్స్’ ఫోల్డరు వైపు చూపే ఒక లింకు దాచి ఉంచింది. దాన్ని బయటపెట్టి నొక్కితే ‘మీకు ప్రవేశం లేదు’ అంటుంది. సొంత ఇంట్లో, సొంత ఫోల్డరు దగ్గర, అడ్మినిస్ట్రేటర్ అని చెప్పుకునే మనిషికి!

షార్ట్‌కట్‌కు, అసలు ఫైలుకు మధ్య తేడా మనుషుల కంటికి ఆనదన్న సంగతిని సాఫ్ట్‌వేర్ కంపెనీలకంటే ముందు దొంగలు గమనించారు. మన నెట్ సెంటర్లను, కాలేజీ ల్యాబ్‌లను ఏళ్ల తరబడి పీడించిన ‘షార్ట్‌కట్ వైరస్’ను చాలామంది మరిచిపోయి ఉండరు. పెన్‌డ్రైవ్‌లో ఉన్న ఫోల్డర్లను అది దాచేసి, వాటి పేర్లతోనే, వాటి బొమ్మలతోనే షార్ట్‌కట్‌లు పెట్టేది. నొక్కినవాడికి ఫోల్డరు కూడా తెరుచుకునేది, దానితోపాటే వైరస్సూ నడిచేది. ఫైళ్లు పోయాయని బెంబేలెత్తి పెన్‌డ్రైవ్‌ను ఫార్మాట్ చేసుకున్నవాళ్లున్నారు. నిజానికి ఫైళ్లు అక్కడే ఉండేవి. నల్ల తెర మీద ‘అట్రిబ్’ అన్న ఒక్క ఆదేశం కొడితే దాచిన ఫోల్డర్లన్నీ మళ్లీ కనిపించేవి. ఆ ఆదేశాన్ని కంఠతా పట్టి ఊరందరి పెన్‌డ్రైవ్‌లనూ బాగుచేసిన డీటీపీ ఆపరేటర్లకు ఏ కంప్యూటర్ కోర్సూ సర్టిఫికెట్ ఇవ్వలేదు. 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ అనే దొంగ ప్రోగ్రాము అయితే ఒక మెట్టు పైకెక్కింది. షార్ట్‌కట్ తన బొమ్మను తెచ్చుకునే తీరులో విండోస్‌లో ఉన్న లోపాన్ని అది వాడుకుంది; నొక్కనక్కర్లేదు, పెన్‌డ్రైవ్‌లోని ఐకాన్ తెర మీద కనబడితే చాలు, లోపలి కోడ్ నడిచేది. ఆ ఆగస్టులో మైక్రోసాఫ్ట్ ఆ లోపానికి ప్యాచ్ విడుదల చేసింది. ఇప్పుడు జీమెయిల్, ఔట్‌లుక్ షార్ట్‌కట్ ఫైళ్లను అటాచ్‌మెంట్‌లుగా ఒప్పుకోవు. రక్షణకు అది అవసరమే. కానీ తన బయోడేటాను జత చేస్తున్నానని నమ్ముతున్న మనిషికి, భద్రతా కారణాల వల్ల తిరస్కరించామన్న సందేశం చూస్తే ఏమర్థమవుతుంది?

గుర్తా వస్తువా అన్న ప్రశ్నను పైకి అడగవచ్చునని చూపిన సాఫ్ట్‌వేర్ ఒకటి మన అచ్చు లోకంలోనే ఉండేది. తెలుగు పత్రికలు, పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు, పుస్తకాలు ఎన్నో ఏళ్లపాటు పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో తయారయ్యాయి. పేజ్‌మేకర్లో పెద్ద బొమ్మను పేజీలోకి తెచ్చినప్పుడు అది ఆగి అడిగేది: ఈ బొమ్మ ఇన్ని కేబీలు, దీని పూర్తి ప్రతిని ఈ ఫైలులోనే ఉంచమంటారా? వద్దంటే బొమ్మ తాలూకు లింకును, తెర మీద చూసుకోవడానికి ఒక పలుచని రూపాన్ని ఉంచుకునేది. అలా లింకులతో ఉన్న ఫైలును ఒక్కదాన్నే ప్రెస్‌కు పంపి, అచ్చులో బొమ్మ ముతకగా రావడంతో నాలుక కరుచుకున్న సందర్భాలు ఈ వృత్తిలో ఉన్నవాళ్లకు కొత్తకాదు. అయినా అడగనైతే అడిగింది. ప్రెస్‌కు పంపేటప్పుడు కావలసిన ఫైళ్లన్నీ ఒకచోటికి చేర్చే వీలు కూడా అందులోనే ఉండేది. దాని తర్వాత వచ్చిన ఇన్‌డిజైన్ ఆ పనిని ‘ప్యాకేజ్’ అనే ఒక్క ఆదేశంలో పెట్టింది. తప్పిపోయిన లింకు పక్కన ఎర్రగా గుర్తు వేసి మరీ చూపిస్తుంది. ఆఫీసు పని చేసుకునే మామూలు డెస్క్‌టాప్‌కు ఈ సంస్కారం ఎందుకు అబ్బలేదో తెలియదు.

క్లౌడ్ వచ్చాక ఇదంతా పాత గొడవ అయిపోయిందని అనుకోవడానికి లేదు. గూగుల్ డాక్స్‌లో రాసుకున్న పత్రం కంప్యూటర్లోని డ్రైవ్ ఫోల్డర్లో ఫైలులాగే కనబడుతుంది. పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తే వెళ్లేది నెట్‌లో ఆ పత్రం ఎక్కడుందో చెప్పే చిన్న ముక్క మాత్రమే. 2020లో గూగుల్ డ్రైవ్ ఒకే ఫైలు రెండు ఫోల్డర్లలో ఉండే పద్ధతిని ఆపేసి, ఆ స్థానంలో షార్ట్‌కట్‌లను తెచ్చింది. షార్ట్‌కట్‌ను చూడగలిగినవాడికి అసలు ఫైలు చూసే అనుమతి కూడా ఉండాలని లేదు. నొక్కితే ‘అనుమతి కోరండి’ అన్న పేజీ వస్తుంది. వన్‌డ్రైవ్‌ది ఇంకో తీరు. ఫైలు కంప్యూటర్లో లేకపోయినా ఉన్నట్టే చూపిస్తుంది, పక్కన మబ్బు గుర్తు వేస్తుంది. కానీ దాన్ని పెన్‌డ్రైవ్‌కు కాపీ చేయబోతే, నెట్ ఉంటే, ముందు అసలు ఫైలును దింపుకొని ఆ తర్వాతే నకలు ఇస్తుంది. మనిషి మనసులో ఉన్నదేమిటో గ్రహించిన ప్రవర్తన అది. అంటే ఇది చేతకాని పనేమీ కాదన్నమాట.

షార్ట్‌కట్‌ను ఎప్పుడూ అసలు ఫైలుగానే చూడాలని ఎవరూ పట్టుబట్టనక్కర్లేదు. బ్యాకప్ తీసేవాడి అవసరం వేరు, ఉత్తరం తెరిచేవాడి అవసరం వేరు. తెరవడానికైతే అసలు ఫైలు అన్నది అన్ని డైలాగులకూ ఒకటే రివాజు కావచ్చు. అందుకు భిన్నంగా నడవాల్సిన ప్రోగ్రాములు ఆ మాట తెర మీదే చెప్పవచ్చు. అడగడం విండోస్‌కు రాదా అంటే బాగానే వచ్చు. ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ఫైళ్లు దాచే డిస్క్ నుంచి ఫ్యాట్32 పద్ధతిలో దాచే పెన్‌డ్రైవ్‌కు ఫైలు కాపీ చేసేటప్పుడు ఒక్కోసారి ‘ఈ ఫైలుకున్న ప్రాపర్టీలు కొన్ని అక్కడికి రావు, అవి లేకుండానే కాపీ చేయమంటారా?’ అని ఆగి అడుగుతుంది. ఆ ప్రాపర్టీలు ఏమిటో అవును అని నొక్కేవాళ్లలో చాలామందికి తెలియదు, తెలియకపోయినా నష్టం లేదు. అదే పెన్‌డ్రైవ్‌కు ఎనభై పేజీల రిపోర్టుకు బదులు దాని చిరునామా ఒక్కటే వెళుతుంటే మాత్రం విండోస్ నోరు మెదపదు. ‘ఇది షార్ట్‌కట్. దీన్నే పంపాలా, అసలు ఫైలును పంపాలా?’ అన్న ప్రశ్న ఆ పాత కిటికీలోనే పట్టేస్తుంది. బయటికి తీసుకుపోయే డ్రైవ్‌లకు, మెయిల్ అటాచ్‌మెంట్‌లకు అడిగితే చాలు. ఇంట్లో ఒక ఫోల్డరు నుంచి మరో ఫోల్డరుకు జరుపుకునేటప్పుడు అడగనవసరం లేదు.

ఆ కిటికీ ఎప్పుడొస్తుందో గానీ, ఈలోగా పెన్‌డ్రైవ్ పట్టుకుని బయల్దేరేవాళ్లు షార్ట్‌కట్ మీద రైట్ క్లిక్ చేసి ‘ఓపెన్ ఫైల్ లొకేషన్’ అన్న వరసను నొక్కవచ్చు. తెరుచుకున్న ఫోల్డర్లో ఎంపికై కనబడేదే అసలు ఫైలు. సైజు ఎంతుందో చూసుకుని దాన్ని కాపీ చేసుకోవాలి.